పేగులోని కాపలాదారుల మీద పగ

జులై 9
రాయకూడదనే అనుకున్నాను. విరేచనాల మీద పగబట్టి డైరీ రాసే ముసలాణ్ని లోకంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. కానీ నిన్న భీమవరంలో, బావమరిది సూర్యం కూతురి నిశ్చితార్థం భోజనాలప్పుడు, వాడు పంక్తి అంతా వినేలా— "బావగారికి గుమ్మం పక్కన వెయ్యండర్రా విస్తరి! ఏ క్షణాన పరిగెత్తాలో!" నవ్వులు. కొత్త వియ్యాలవారు కూడా. పప్పు కలపకముందే లేచాను. నిజంగానే పరిగెత్తాల్సి వచ్చింది... అదీ అసలు మంట.

జులై 10
నెత్తురు. మళ్ళీ.

జులై 12
రాజమండ్రి. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. ఇన్నేళ్లూ ఊరంతా "వేడి చేసిందండి, సబ్జా తాగండి" అన్నది వేడీ కాదట, మొలలూ కాదట. నా ఒంట్లోని తెల్లకణాలే పెద్దపేగు గోడను పుండు చేస్తున్నాయట. ఎప్పుడో శత్రువనుకుని వచ్చాయి. శత్రువు లేడు, ఇవి కదల్లేదు. మా కడియం నర్సరీలో పనివాడు అప్పన్న అంతే. పురుగు చచ్చినా మందు కొడుతూనే ఉండి, బంతి మడంతా మాడ్చి, "ఒక్క పురుగుందేమో చూడండి" అన్నాడు. లేదు. మొక్కా లేదు.

జులై 13
కళ్లు మండేదాకా ఫోన్లో చదివాను. తెల్లకణాల్లోనే టి-కణాలనేవి ఉసిగొల్పుతాయి, న్యూట్రోఫిల్స్ అనేవి ఎగబడతాయి, మధ్యలో ఒక రసాయనం చాడీలు మోస్తుంది. డాక్టరమ్మ చెప్పిన ఇంజెక్షన్ ఆ చాడీకోరునే పట్టేస్తుందట. సూర్యం మొహం కళ్లముందు ఆడింది. శ్రావణం మొదట్లో పిల్ల పెళ్లి. ఈలోగా ఇంజెక్షన్ పడాలి. వాడి ఎదురుగానే కూర్చుంటాను. పులిహోర నుంచి గడ్డపెరుగు దాకా. మారు అడుగుతాను. వాడు లేచినా నేను లేవను.
మా ఆవిడ రామలక్ష్మి— "తిండి తిని పగ తీర్చుకునే మనిషిని మిమ్మల్నే చూశానండి. అదీ మా తమ్ముడి మీద."

జులై 16
ముందు పరీక్షలట. రక్తం, ఛాతీ ఎక్స్‌రే. పేగుకి ఛాతీతో పనేంటమ్మా అంటే నవ్వింది.

జులై 19
ఊపిరితిత్తుల్లో పాత క్షయ నిద్రపోతోందట.
"మీరు తిడుతున్నారే, ఆ కణాలే దాన్ని చుట్టుముట్టి ఇన్నేళ్లూ లేవనివ్వలేదండి. ఇప్పుడు వాటిని అణిచేస్తే అది లేస్తుంది. ముందు టీబీ మాత్రలు. నెల పోయాకే ఇంజెక్షన్."
"పెళ్లిలోపు?"
"కుదరదండి."
చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా దగ్గుండేదా అని అడిగింది. నాన్నకి. ఒకే చాప మీద పడుకునేవాళ్లం.

జులై 20
అంటే అప్పట్నుంచీ కాపలా. పైన కాపలా, కింద దోపిడీ. దండం పెట్టాలా? పెట్టను. ఆగుతాను, అంతే. పగ ఆవకాయ లాంటిది, ఊరేకొద్దీ రుచి... ఆవకాయ కూడా వద్దంది డాక్టరమ్మ.

జులై 22
సూర్యం ఫోను. "బావగారూ, పెళ్లి మీరే ముందుండి నడిపించాలండి." వినయం కారిపోతోంది.
"నా విస్తరి ఎక్కడ వేయిస్తున్నావు?" అన్నాను.
"అదేంటి బావగారూ... ఏదో సరదాకన్నానండి..."
పెట్టేశాను. వెళితే వాడి ముందు మజ్జిగన్నం. మానితే వాడిదే గెలుపు. తేలడం లేదు.

జులై 23
పరగడుపున మొదటి మాత్ర. మధ్యాహ్నానికి మూత్రం నారింజ రంగులో వచ్చింది. ఈ మాత్రకి అలాగే వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మందు పని మొదలెట్టింది చూడు అని రామలక్ష్మిని పిలిచి చూపించాను. చూసింది. చెంబుడు నీళ్లు పోసి వెళ్లిపోయింది.