నీరా సీసా కడగలేదు

జనవరి 1, గురువారం

ఈ రోజు నుంచి మందు బంద్. డోలక్ ముట్టుకునే రోజుల్లో అయితే మరీ బంద్. ఇందుకోసం కొత్త డైరీ కొన్నాను.

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే తరువాత నాతో నేనే వాదనకు దిగుతాను. ఇరవై ఒకటిన మార్కండేయ జయంతి. డిండోలిలో మా పద్మశాలి సంఘం సభ. మా అమ్మాయి హారతి మొదటిసారి స్టేజీ ఎక్కి పాడుతుంది. పదహారేళ్లు. డోలక్ నాది. నిన్న అన్నం తింటూ షరతు పెట్టింది.

"పప్పా, నువ్వు తాగి కూసుంటె నేను పాడ. శివకృష్ణ అన్న దగ్గర రిథమ్ ప్యాడ్ ఉన్నది. బటన్ ఒత్తితె అదే కొడ్తది."

శివకృష్ణ మా బృందంలో కీబోర్డు కుర్రాడు. మైకులు, బాక్సులు కూడా వాడే చూస్తాడు. సూరత్‌లో తెలుగువాళ్ల పెళ్లయినా, భజనయినా, గణపతి మండపమైనా డోలక్ అంటే పరమేశ్. అలాంటి నన్ను బటన్‌తో పోటీకి పెట్టింది. సరే అన్నాను.

కష్టమేం కాదు. గుజరాత్‌లో మందు ఎలాగూ నిషేధం. ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆ సంగతి నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

జనవరి 2

జోల్వాలో డ్యూటీ. రోజంతా పవర్‌లూమ్ పక్కన నిలబడితే ఆ టకటక చేతుల్లోకి దూరుతుంది. ఇంటికొచ్చి డోలక్ పట్టుకున్నా చేతులు మగ్గంలాగే ఆడతాయి. ఆ మగ్గాన్ని చేతుల్లోంచి దింపడానికే నేను పొట్లీ తాగేది. సరదాకి కాదు. పొట్లీ అంటే ప్లాస్టిక్ సంచిలో వచ్చే నాటుసారా. ఇది నా భార్య వినోదకు పెళ్లయిన కొత్తలోనే వివరించాను. ఆమె ఇంకా ఆలోచిస్తోంది.

ఈ రోజు పొట్లీ లేదు. చాయ్ తాగాను. చాలా చాయ్ తాగాను.

జనవరి 4, ఆదివారం

సోమలింగం అన్న ఇంట్లో రిహార్సల్. ఆయన మా బృందానికి పెద్ద గాయకుడు. అలవాటు ప్రకారం అందరూ గొంతు తడుపుకున్నారు. నేను నీళ్లతో తడుపుకున్నాను.

ఒక సంగతి బయటపడింది. సోమలింగం అన్నకు రెండో చరణం రాదు. మొదటి చరణమే మూడుసార్లు పాడతాడు. మూడోసారి కళ్లు మూసుకుంటాడు, కాబట్టి కొత్తగా అనిపిస్తుంది.

ఇంటికొచ్చి వినోదకు చెప్పాను.

"నీకిప్పుడు ఇనవడ్డదా?" అంది. పదేళ్లుగా ఊరంతా వింటున్నదట.

జనవరి 7

పొద్దున డ్యూటీకి ముందు హారతితో సాధన. చేతులు మెల్లగా నడిచాయి. ముసలాయన మెట్లెక్కినట్టు ఉంది. ఊపు లేదు, దమ్ము లేదు. నాకే జాలేసింది.

హారతి మాత్రం పాట ఆపి నవ్వింది. "గిట్లనే కొట్టు పప్పా. నాకు ఊపిరి తీస్కోనికి జాగ దొరుకుతుంది." ఫోన్‌లో రికార్డు కూడా చేసుకుంది.

చిన్నపిల్ల. జనానికి ఏం కావాలో దానికి తెలియదు.

జనవరి 9

నిద్ర లేదు. చాయ్ వల్ల కడుపులో మంట. చాయ్ ఆరోగ్యానికి మంచిది కాదు. ఇంకేదైనా చూడాలి.

జనవరి 11, ఆదివారం

దొరికింది. నీరా.

కామ్‌రేజ్ వైపు పని మీద వెళితే రోడ్డు పక్కన నీరా కొట్టు. చలికాలం పొద్దున్నే చెట్టు నుంచి దించి, చల్లగా అమ్ముతారు. సర్కారు అనుమతి ఉందని బోర్డు. వరుసలో ఆడవాళ్లు, పిల్లలు, పార్కులో నడిచొచ్చిన పెద్దమనుషులు. ఈత చెట్టు నీరు. తియ్యగా ఉంది. రెండు గ్లాసులు తాగి, ఒక సీసాలో పట్టించుకొచ్చాను.

నీరా మందు కాదు. వరుసలో ఒక పంతులమ్మ కూడా ఉంది.

జనవరి 13

నీరా సీసా డ్యూటీకి తీసుకెళ్లాను. మగ్గం మోటారు పక్కన పెట్టాను, వేరే చోటు లేదు. పనిలో పడి మరిచిపోయాను. మధ్యాహ్నం మూత తీస్తే బుస్సుమంది.

కొంచెం పులిసింది. పెరుగు కూడా పులుస్తుంది. పెరుగు తిన్నవాణ్ని ఎవరూ ఏమీ అనరు.

సాయంత్రం చేతులు బాగా ఆడాయి.

జనవరి 14

ఉత్తరాయణ్. పతంగుల పండగకు సూరత్ మొత్తం మిద్దెల మీదే ఉంది. పక్క మిద్దె మీద రాంప్రసాద్ శీతలపానీయం సీసాలో పోసుకుని తాగుతున్నాడు. అందులో ఏముందో ఆ వీధి అంతటికీ తెలుసు. నన్నూ పిలిచాడు. వద్దన్నాను. మనసు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

నా నీరా నేను తాగాను. పొద్దుటి నుంచి ఎండలో ఉంది. నేను పతంగి చూస్తున్నాను, ఎండ సంగతి గమనించలేదు.

జనవరి 16

వినోద సీసా కడగబోయింది. వద్దన్నాను. రోజూ అందులోనే పట్టిస్తాను, నీళ్లు దండగ.

ఆమె సీసా వాసన చూసి నా ముఖం చూసింది. "మా ఊర్ల గౌండ్లోళ్లు లొట్టి కడగకపోయేది. అడుగున పాత కల్లు ఉంటెనే కొత్తది జల్ది పొంగుతదని. నీకు ఎర్కలేదా?"

సిరిసిల్ల పక్క ఊళ్లో పుట్టినవాణ్ని, నాకు ఎరుక లేకుండా ఎలా ఉంటుంది? కానీ అది లొట్టి, కల్లు పట్టే మట్టి కుండ. ఇది సీసా.

సీసా కడగకపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు.

జనవరి 18, ఆదివారం

చివరి రిహార్సల్. బ్రహ్మాండంగా వాయించాను. సోమలింగం అన్న లేచి కౌగిలించుకున్నాడు. "ఇన్నొద్దులు ఏడవోయినవ్ తమ్మీ" అన్నాడు.

హారతి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "పప్పా, స్పీడ్ ఎందుకైతున్నవ్? నోట్లె వాసనేంది?"

"నీరా. ఆరోగ్యానికి."

"సభ రోజు నీరా గూడ వద్దు. నా మీద ఒట్టు."

సరే అన్నాను. దాని తల మీద చెయ్యి కూడా పెట్టాను. పెట్టేటప్పుడు నిజంగానే అనుకున్నాను.

జనవరి 20

కూతురు రేపు స్టేజీ ఎక్కుతుంది. భయం నాకు.

ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తాగకుండా స్టేజీ ఎక్కలేదు. ఎదురుగా జనం ఎలా కనిపిస్తారో నాకు తెలియదు. ఎప్పుడూ మసకగా, మంచివాళ్లలా కనిపించేవారు. సాయంత్రం వెళ్లి ఖాళీ స్టేజీ చూసొచ్చాను. అనుకున్నదాని కన్నా చాలా ఎత్తుగా ఉంది.

తాగను. డోలక్ చర్మం బిగించాను. రేపటికి తెల్ల లాల్చీ ఇస్త్రీ చేయించాను.

జనవరి 21, పొద్దున

కామ్‌రేజ్ వెళ్లి నీరా తెచ్చాను. తాగడానికి కాదు. ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

జనవరి 21, మధ్యాహ్నం

చేతులు వణుకుతున్నాయి. చాయ్ గ్లాసు సాసర్‌లో మోగుతోంది. ఈ చేతులతో వాయిస్తే హారతి పాట పాడైపోతుంది. నలుగురిలో దాని పరువు పోతుంది. తండ్రిగా నేను ఆలోచించాలి.

సగం సీసా. హారతి కోసం.

జనవరి 21, సాయంత్రం

మిగిలిన సగం పారబోయడానికి మనసొప్పలేదు. చెట్టు ఇచ్చింది. సోంపు నమిలాను. లాల్చీ వేసుకున్నాను. చేతులు రాయిలా ఉన్నాయి. బయలుదేరుతున్నాం.

జనవరి 22, పొద్దున

రాత్రి సభ గురించి ఏం రాయాలి. నా జీవితంలో ఇంత బాగా వాయించలేదు.

స్టేజీ ఎక్కే ముందు హారతి వంగి నా కాళ్లకు మొక్కింది. లేవడానికి కాసేపు పట్టింది. పిల్ల కదిలిపోయింది అనుకున్నాను. తరువాత శివకృష్ణ దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పింది.

పాట మొదలైంది. పాడుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను తల ఊపి ఇంకా దంచాను. ముందు వరుసలో సంఘం అధ్యక్షుడు కమలాకర్ కాక కళ్లు తుడుచుకున్నాడు. పాట అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కూడా లేచి దండం పెట్టాను.

హారతి ఇంటికి వచ్చేదారిలో మాట్లాడలేదు. అలిసిపోయినట్టుంది.

జనవరి 22, సాయంత్రం

శివకృష్ణ ఫోన్‌లో రికార్డింగ్ పంపాడు. విన్నాను. హారతి గొంతు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్. డోలక్ లేదు. ఫోన్ పాడైందనుకుని వినోద ఫోన్‌లో విన్నాను. అందులోనూ లేదు.

హారతి వచ్చి పక్కన కూర్చుంది.

"పప్పా, నీ మైకు నేనే బంద్ జేయించిన. కాళ్లు మొక్కినప్పుడు వాసనొచ్చింది."

నేను ఫోన్ కింద పెట్టాను.

"కమలాకర్ కాకకు గూడ వాసనొచ్చింది. నిన్ను స్టేజీ దింపుమన్నడు. నేనే వద్దన్న. అందర్ల నిన్ను దింపుతె నాకు పాట రాకపోతుండె. అందుకే మైకొక్కటి బంద్ జేసి, కొట్టనియ్యిమన్న."

అంటే జనమంతా నన్ను చూశారు. ఒక్కరూ వినలేదు. నేను లేచి దండం కూడా పెట్టాను.

సిగ్గేసింది. ఇలాంటి సిగ్గు నాకు ఇంతవరకు తెలియదు.

"మైకు బయటికే బంద్, నీది మిక్సర్ల వేరేగ రికార్డైంది, ఇంటవా?" అని ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, ఒకటి తన చెవిలో పెట్టింది. టకటకటకటక. ఊపిరి ఆడనివ్వని ఒకటే పరుగు. జోల్వాలో మూడో నంబర్ మగ్గం అచ్చం ఇలాగే ఉంటుంది. ఇన్నేళ్లూ దాన్ని దింపుకుంటున్నానని తాగాను.

తరువాత ఇంకొకటి పెట్టింది. మెల్లగా, నిదానంగా, పాటకు చోటిస్తూ డోలక్. ఎవరో తెలిసినవాడు వాయిస్తున్నాడు.

"ఎవరిది? కరీంనగర్ నుంచి ఎవరన్న వచ్చిండ్రా?"

"నువ్వే. ఏడో తారీఖు పొద్దుగాల."

చాలాసేపు విన్నాను. అది లేచి వెళ్లలేదు.

జనవరి 23, శుక్రవారం

ఈ రోజు నుంచి మందు బంద్.

శివరాత్రి భజనకు హారతిని మళ్లీ పిలిచారు. డోలక్ ఎవరని అడిగితే మా పప్పా అందట. మైకు సంగతేంటని అడిగాను. "ఆన్ జేసుడు, బంద్ జేసుడు నా చేతిల ఉంటది" అంది. న్యాయమే.

సీసా నేనే కడిగాను. సబ్బుతో ఒకసారి, వేడినీళ్లతో ఒకసారి. వాసన పోలేదు. బయట పారేసి వచ్చాను. నీరా కూడా బంద్. పెరుగు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

డ్యూటీకి ముందు డోలక్ తీశాను. చేతులు వణికాయి. వణుకుతూనే మొదలుపెట్టాను.

"స్పీడ్ అయితున్నవ్ పప్పా" అంది హారతి వంటింట్లోంచి.

తగ్గించాను.