మూడో బావి తాళం

మంగళవారం, తెనాలి

నాకు ఈ పని నేర్పిన సార్ సెలవు పెట్టారు. రేపల్లె రోడ్డు పెట్రోలు బంకు దగ్గర శాంపిళ్ళకి నేనొక్కదాన్నే వెళ్ళాను. ట్యాంకుల్లోని పెట్రోలు భూమిలో నీళ్ళలో కలుస్తోందేమో చూడడానికి అక్కడ మూడు పైపు బావులు దింపారు. "ఆ రెండూ నువ్వు చూడమ్మా, గోడ పక్కది నేను చూస్తా. అక్కడ ముళ్ళకంప ఉంది" అనేవారు ప్రతిసారీ. ఎంత మంచివారో అనుకునేదాన్ని, నా బుద్ధి కాలా!

గోడ పక్క బావి మూతకున్న తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తాళంచెవి దూరనే లేదు. పోయిన నెల రిపోర్టులో మాత్రం "మూడో బావి: వాసన లేదు" అని ఆయన చేతిరాతే ఉంది. తాళం పగలగొట్టి నీళ్ళు తోడాను. గుప్పుమని పెట్రోలు వాసన.

సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. "తాళం ఎందుకు పగలగొట్టావమ్మా?" అన్నారు. నీళ్ళ సంగతి అడగనే లేదు.

గోడ అవతల మస్తాన్‌బీ గారి ఇల్లు, చేతిపంపు. "ఏంటమ్మా, ఇవాళ నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోతున్నారు?" అంటూ ఆవిడ గ్లాసు తెచ్చారు. ఆ రిపోర్టులు నమ్మి, భయం లేదు తాగండని ఆవిడకి చెప్పింది నేనే. గ్లాసు అందుకుని పారబోశాను. పంపు నీళ్ళు ముట్టుకోవద్దని చెబుతుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది. ఆవిడ ఎప్పుడూ రెండు గ్లాసులు తెచ్చేవారు. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని సార్ తన గ్లాసు అరుగు మీద పెట్టేసేవారు.

నేను గడగడా తాగుతుంటే పక్కనే నిలబడి చూసేవారు.