మూడో సిలిండర్

ప్రియమైన అక్కా,

జ్వరం నీ వినికిడిని పట్టుకుపోయి ఏడాది దాటింది. అయినా ఫోన్ మోగితే నువ్వేనేమో అని ఇప్పటికీ పరిగెడతాను. ఇక ఉత్తరాలే మనకి దిక్కు, నా కోడిగీతలు భరించు.

బావ రాసింది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న పాత కారు ఇంజన్ ఊడదీసి వరండా నిండా పరిచావట. అన్నం పళ్లెం పెట్టుకోవడానికి చోటు లేదని ఆయన గోల. నువ్వు మెకానిక్కువే, కాదనను. కానీ వర్క్‌షాపు వాళ్లు "చెవి వినపడకుండా ఇంజన్ పనేంటమ్మా" అని పంపేశారు కదా. మళ్లీ ఎందుకీ తంటా?

నాకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకి నువ్వు పక్కనుంటే నాకు కొండంత ధైర్యం. ఎప్పుడొస్తున్నావు?

నీ చిట్టి


బంగారు చిట్టీ,

మీ బావ మాటల్లో సగం తీసెయ్. చోటు లేదని గోలపెట్టేది తనే, వచ్చి కూర్చుని కిరోసిన్‌తో బోల్టులు కడిగేదీ తనే.

నాన్న పోయాక ఆ కారు కదలలేదుగా. పిస్టన్లు తుప్పుపట్టి సిలిండర్లలో బిగుసుకుపోయాయి. నూనె పోసి నానబెట్టి, చెక్కదిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా తడుతూ వచ్చాను. చివరిది కదిలినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. క్రాంక్‌షాఫ్ట్ అని పిస్టన్లు తిప్పే ఇరుసు ఉంటుంది, అది తుడిచి ఎండలో పెడితే అందులో నా ముఖం కనిపించింది! ఎవరో ఎప్పుడో దాన్ని ఇంత నునుపుగా తీర్చి, ఎవరి కంటా పడని చోట పెట్టి మూసేశారు. ఇన్నేళ్లు ఇదే పని చేశాను, ఒక్కసారైనా ఇలా కళ్లప్పగించి చూశానా?

రావడం అంటావా, వాల్వులు అరగదీసి కూర్చోబెట్టాలి, రింగులు వేయాలి. మధ్యలో వదిలి రాలేను. మీ పక్కింటి ఆవిడ మంచిదేగా, చూసుకుంటుందిలే.

మీ అక్క


అక్కా,

ఆడపిల్ల. ఇద్దరం క్షేమం.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. నొప్పులు పడుతున్నంతసేపూ గుమ్మం వైపే చూశాను. డాక్టరమ్మ "ఎవరి కోసమమ్మా?" అంది. "మా అక్క కోసం. ఇంట్లో ఇంజన్ బాగుచేస్తోంది" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ముక్కు అచ్చం నీదే.

నీ చెల్లెలు


నా చిట్టి తల్లీ,

నీ కోపం న్యాయమే. ముందు జరిగింది చెప్పనీ.

తిరిగి కారులో ఎక్కించాక ఇంజన్ స్టార్టయింది. మీ బావ ఎగిరి గంతేసి, నాకు కనపడేలా చేతులూపుతూ "నడుస్తోంది! బ్రహ్మాండంగా నడుస్తోంది!" అన్నాడు. పెదవులు చూసి తెలుసుకున్నాను. నాకు మాత్రం నిశ్శబ్దం. ఏం చేయాలో తోచక ఇంజన్ మీద అరచెయ్యి వేశాను.

చిట్టీ, ఎలా చెప్పను! మోచేతి దాకా, భుజం దాకా, దంతాల్లోకి కూడా వచ్చేసింది. అందులో ఒక అడుగు తడబడుతోంది. కుంటివాడి నడకలా. "ఎక్కడో తేడా ఉంది" అన్నాను. "బాగానే ఉందిగా" అన్నాడు తను. నేను వినలేదు. నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ తీసి, మళ్లీ పెట్టాను. తీసిన ప్రతిసారీ ఇంజన్ ఇంకా కుదేలయింది, మూడో సిలిండర్‌ది తీసినప్పుడు తప్ప. అది ముందునుంచే పనిచేయడం లేదన్నమాట, దోషం అక్కడే. విప్పి చూస్తే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. మళ్లీ అరగదీసి బిగించాను. ఇవాళ పొద్దున చెయ్యి వేస్తే, ఒకే నడక. అలాగే నిలబడిపోయాను. తను స్విచ్చి ఆపినా నా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు మాట. నేను రానిది ఇంజన్ వల్ల కాదు. బిడ్డ ఏడిస్తే వినపడని మనిషి పురిటింట్లో దేనికి, నీకు బిడ్డతో పాటు నేనూ ఓ బరువవుతాను అనుకున్నాను. ఆ మాట నీకు రాయలేక ఇనుము అడ్డం పెట్టుకున్నాను.

ఆదివారం బయల్దేరుతున్నాం, ఆ కారులోనే.

నీ అక్క


అక్కా,

నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి ఇల్లు బోసిగా ఉంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వొచ్చే ముందు పక్కింటావిడతో, "అక్కకి వినపడదు, పాప ఏడుపు మీరు కాస్త కనిపెట్టండి" అని చెప్పి ఉంచాను. ఆవిడతో ఒక్కసారీ పని పడలేదు.

నువ్వున్నప్పుడు ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో కుళాయి హోరులో ఉన్నాను. ఏడుపు వినపడనే లేదు. వచ్చి చూస్తే, పాపని రొమ్ముకి ఆనించుకుని, వీపు మీద అరచెయ్యి పరిచి గదిలో తిరుగుతున్నావు. "ఇది ఆకలి కాదే, కడుపు నొప్పి. వణుకు వేరేగా ఉంది" అన్నావు. నువ్వన్నదే నిజమైంది. ఆ తర్వాత పాట అందుకున్నావు. నీకే వినపడని పాట! శ్రుతి ఎటో పోయింది, తాళం ఇంకెటో. పాప మాత్రం నీ ఛాతీకి చెవి ఆనించి, కళ్లు పెద్దవి చేసుకుని ఊరుకుంది. నేను తడి చేతులతో గుమ్మంలోనే ఉండిపోయాను. లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు.

నిన్న పాప మళ్లీ ఏడిస్తే అదే పాట నేను పాడాను, ఎక్కడా శ్రుతి తప్పకుండా. ఒప్పుకోలేదు. చివరికి గుండెలకి గట్టిగా హత్తుకుని, అచ్చం నీలా తప్పుగా పాడితే పడుకుంది.

నీ చిట్టి