ఎర్ర బటన్ వెనక

1996 సెప్టెంబరు 3, మంగళవారం
పొద్దున ఆయన ఉప్మా సగమే తిన్నారు. స్పూను ఎడమ చేత్తోనే. చూడనట్టు పొయ్యిగట్టు తుడుస్తూ నిలబడ్డా. మాట లేదు. నిన్నా లేదు. పక్షవాతం కుడిచేతికీ కాలికీ వచ్చింది, నోటికి రాలేదు అన్నాడు డాక్టరు. మరి మాటేమైందో ఆయన్నే అడగాలి.
చేత్తో పిసకమని ఫిజియో అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి మంచం కింద దొరికింది. దుమ్ము దులిపి దిండు పక్కన పెట్టా. మధ్యాహ్నానికి మళ్ళీ మంచం కిందే.

5, గురువారం
సాయంత్రం మునిర్కా సందు చివరిదాకా నడిపించా. కాలు లాగింది కాబోలు, ప్రకాశ్ భయ్యా వీడియో గేమ్ కొట్టు ముందు ఆగిపోయారు. లోపల స్టూలు మీద కూర్చోబెట్టా. ఎదురుగా మిషను. అద్దంలో బొమ్మ విమానం, ఎర్ర బటన్ నొక్కితే గుండు వదుల్తుంది.
కుడిచెయ్యి ఎత్తి ఆ బటన్ మీద పెట్టారు... తనంతట తనే! బంతి ముట్టని చెయ్యి.
ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరున్నారు. పుస్తకమా, నీకే చెప్తున్నా.

6, శుక్రవారం
మళ్ళీ వెళ్ళాం. నేను బయట కిరాణా కొట్టు మెట్టు మీద కూర్చున్నా. గ్యాసు కట్టేశానో లేదో. కట్టే ఉంటా.

9, సోమవారం
కాలేజీ పిల్లలు ముగ్గురు ఆయన వెనక నిలబడి చూస్తున్నారు. "అంకుల్, ఆప్‌కా జహాజ్ తో సో రహా హై!" నవ్వులు. విమానం నిద్రపోతోందట. చెడ్డ పిల్లలేం కాదు. ఇంకొకడన్నాడు — సాకేత్‌లో ఒక కొట్లో బటన్ నొక్కి పట్టుకుంటే చాలట, గుళ్ళు వాటంతటవే పోతాయట.
ఆయన లేచి వచ్చేశారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టిన వేళ్ళు. ఆఫీసులో, సెక్షన్లో వేగం అంటే ఆయన పేరే చెప్పేవాళ్ళు.

10, మంగళవారం
వాటంతటవే... అన్నం వారుస్తూ అదే ఆలోచన. నొక్కి వదలడం, నొక్కి వదలడం. లైటు వెలిగి ఆరడం లాంటిదే కదూ ఇదీ!
మూడో క్లాసు చదివినదాన్ని. కానీ మినుకు మినుకు లైట్ల సర్క్యూట్ కళ్ళు మూసుకుని చేస్తా. పదకొండేళ్ళు సీరియల్ లైట్ల కార్ఖానా వాళ్ళకి ఇంట్లో కూర్చుని టంకం వేశా. లైటుని వెలిగించి ఆర్పే ఎనిమిది కాళ్ళ ఐసీలు డబ్బాలో ఇంకా నాలుగున్నాయి.

11, బుధవారం
ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వంటింట్లో కూర్చుని చేశా. టంకం చోటు తప్పలేదు. వేగం పెంచడానికీ తగ్గించడానికీ చిన్న స్క్రూ కూడా పెట్టా. చిన్న లైటు తగిలించి చూశా. వెలిగింది, ఆరింది, వెలిగింది... ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.
టంకం వాసన ఆయనకి తెలిసిందేమో. పోపు కావాలనే మాడబెట్టా.

12, గురువారం
పొద్దున్నే కొట్టుకి వెళ్ళా, జనం రాకముందే. ప్రకాశ్ భయ్యాకి విషయం చెప్పా.
"ఆంటీజీ, బోర్డ్ జల్ గయా తో?"
"నహీ జలేగా," అన్నా. కాలిపోదని పైకన్నా. నిజంగా కాలిపోతే ఏం మొహం పెట్టుకుని తిరగను ఈ సందులో.
కరెంటు లేదు. వచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. వచ్చాక మిషను వెనక తలుపు తీసి, ఎర్ర బటన్ వైరు కత్తిరించి మధ్యలో నా సర్క్యూట్ పెట్టాం. భయ్యా నొక్కి పట్టుకున్నాడు. గుళ్ళే గుళ్ళు! "ఆప్‌నే బనాయా? సచ్‌మే ఆప్‌నే?" నిజంగా మీరే చేశారా అని రెండుసార్లు అడిగాడు. నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో.
అంకుల్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. స్క్రూ బాగా తగ్గించా. ఒక్కసారే దడదడమంటే అనుమానం రాదూ. ఆయన వేళ్ళకి స్పర్శ సరిగ్గా లేదు, ఎప్పుడు నొక్కారో ఎప్పుడు వదిలారో ఆయనకే తెలీదు. బొమ్మ వైపే చూస్తారు.

13, శుక్రవారం
మాట్లాడారు!
"పెద్ద ఓడ పేల్చానే ఇవాళ." రెండు చపాతీలు తిన్నారు.

17, మంగళవారం
ఆయన గుళ్ళు వదుల్తున్నంతసేపూ మెట్టు మీద కూర్చుని విన్నా. పొద్దునే వెళ్ళి స్క్రూ గోరంత పెంచి వచ్చా. ఎవరికీ తెలీదు.

20, శుక్రవారం
ఇంకో గోరంత.
"ఏమే, చూశావా, వేళ్ళలో వేగం వస్తోంది."
"వస్తోంది మరి," అన్నా. పప్పు గిన్నె వైపు తిరిగి.

24, మంగళవారం
ఫిజియో అమ్మాయి వచ్చింది. మన గుంటూరు వైపు పిల్లే, వసంత్ కుంజ్ నుంచి బస్సులో వస్తుంది. "ఇంక నువ్వు రానక్కర్లేదమ్మా, చెయ్యి బాగైపోయింది," అన్నారాయన.
"అంకుల్, నా వేలు గట్టిగా పట్టుకోండి చూద్దాం."
"వేలెందుకు, కొట్టుకి వచ్చి చూడు!"
గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నా చెవిలో అంది — ఆంటీ, ఏం బాగవలేదు, ఈ మొదటి నెలలే ముఖ్యం, ఇప్పుడు ఆపేస్తే వేళ్ళు బిగుసుకుపోతాయి, మళ్ళీ రావు. మీరైనా చెప్పండి. ఒప్పుకుంటే ఫోన్ చెయ్యండి, మర్నాడే వస్తా.
ఏమని చెప్పను? మెట్లు దిగి వెళ్ళిపోయింది.

25, బుధవారం
పప్పులో ఉప్పు రెండుసార్లు వేశా. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. సంతోషంగా ఉన్నారు. అదే భయం.

27, శుక్రవారం
స్క్రూ తగ్గించేద్దామని వెళ్ళా. తగ్గిస్తే చెయ్యి మళ్ళీ పడిపోతోందనుకుంటారు. గోడ వైపు తిరిగేస్తారు. తగ్గించకపోతే చెయ్యి నిజంగానే పోతుంది.
స్క్రూడ్రైవరు పట్టుకుని మిషను వెనక నిలబడ్డా. "క్యా కర్నా హై, ఆంటీజీ?" అన్నాడు భయ్యా. ఏం చెయ్యాలో తెలీదన్నా. ఎటూ తిప్పకుండా వచ్చేశా.

29, ఆదివారం
అటక మీంచి టైపు మిషను దింపించారు. బల్ల మీద పెట్టి, గుడ్డతో తుడిచి, కాగితం ఎక్కించుకున్నారు. చొక్కా కూడా మార్చుకున్నారు.
"చెప్పవే, ఏం కొట్టమంటావు?"
"మీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్ళిపోయా. బియ్యం ఏరుతూ విన్నా. ఒక టక్. చాలాసేపు. ఇంకో టక్... తర్వాత లేదు. బయటికి వచ్చి చూస్తే మూడు అక్షరాల కడ్డీలు ఒకదానిమీదొకటి ఎక్కి ఇరుక్కున్నాయి. చెయ్యి వాటి మీదే ఉంది.
"రిబ్బను ఎండిపోయినట్టుంది," అన్నారు.
"అవునండీ, ఎండిపోయింది."

30, సోమవారం
కొట్టుకి వెళ్ళలేదు. వెళ్దామా అని నేనూ అడగలేదు.

అక్టోబరు 1, మంగళవారం
"పద. ఇవాళ నువ్వూ లోపలికి రా."
నన్నే స్టూలు మీద కూర్చోమన్నారు. "నువ్వు నొక్కు."
భయ్యా అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగాడు. టకటకా నొక్కేసి ఉంటే సరిపోయేది. గుళ్ళు ఎలాగూ వస్తాయి, ఏమీ బయటపడదు. వేలు పైకెత్తుదామనే అనుకున్నా. ఎత్తలేదు. నొక్కి పట్టుకునే ఉన్నా. గుళ్ళు వరసగా పోతూనే ఉన్నాయి, ఆగవే! ఆయన బొమ్మ చూడట్లేదు. నా వేలు చూస్తున్నారు.
"ఎవరు చేశారు ఇది?"
"అంకుల్‌జీ, వో..." అని భయ్యా మొదలెట్టాడు.
"నేనే," అన్నా.
ఇంటిదాకా నా భుజం పట్టుకోలేదు. కాలు ఈడ్చుకుంటూ ముందు నడిచారు. పడిపోతారేమోనని చేతులు చాపుకుని వెనకే నేను. జనం చూస్తున్నారు.

2, బుధవారం
 కాఫీ తాగారు. గోడ వైపు మాత్రం తిరగలేదు, కిటికీ దగ్గర కూర్చున్నారు.
పదకొండింటికి అడిగా — ఫిజియో అమ్మాయికి ఫోన్ చెయ్యనా అండీ?
చెయ్యమనలేదు. వద్దు అనలేదు కూడా.
ఫోన్ బూత్ దాకా వెళ్దామని చెప్పులేసుకున్నా. విప్పేశా. మళ్ళీ వేసుకుని గుమ్మంలో కూర్చుని ఇది రాస్తున్నా. ఇంకోసారి అడిగితే వద్దంటారేమో. అడక్కుండా వెళ్తే... ఆ పిల్ల వచ్చాక ఆయన చెయ్యి ఇవ్వకపోతే...