కబురు పంపుతాం

అమ్మకు,

నమస్కారం. నేను బాగున్నాను. నువ్వూ పిన్నీ తమ్ముడూ కూడా బాగున్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను.

ఈ ఉదయం మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ఒకావిడ తన కత్తెరను చిన్నపిల్లల సాక్సులో పెట్టుకుని వచ్చింది. తెల్ల సాక్సు, పైన నీలం గీత. నువ్వు కూడా నా పాత కాన్వెంటు సాక్సులోనే కత్తెర దాచేదానివి. అది చూడగానే నీకు జవాబు రాయలేదని గుర్తొచ్చింది. మరిచిపోయి కాదు. ఏం రాయాలో తెలియక.

ముందు తేలికైన ప్రశ్నలకు జవాబులు. వేళకే తింటున్నాను. దగ్గు తగ్గింది. గదిలో నాతో ఉంటున్న నర్సు మంచిదే, కాకపోతే నిద్రలో కూడా రోగులను కసురుతుంది. "కదలకు" అంటే నేను కూడా కదలకుండా పడుకుంటాను. పుస్తకాలు చదువుతున్నాను. మనుషులతో మాట్లాడటం మాత్రం ఇంకా రాలేదు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. కాన్వెంటు వాళ్ళు ఈ ఏడాది యూనిఫారాలు నీకివ్వలేదనీ, ఎవరో రెడీమేడు వాళ్ళు సగం ధరకే ఇచ్చారనీ రాశావు. జేబు మీద దీపం గుర్తు ఇన్నేళ్ళూ నువ్వు చేత్తో కుట్టావు. "గుడ్డకే అంతవుతుంది, కూలి గాల్లోంచి వస్తుందా? ఆ ధరకి ఎవరు కుడతారే?" అన్నావు. మిషను అమ్మేసి, పిన్నిని వెంటబెట్టుకుని ఇక్కడికి వస్తానన్నావు. "నువ్వు ఆఫీసులో ఉన్నావు కదా, ఇద్దరికీ పనిమ్మని ఒక్క మాట చెప్పలేవా?" అన్నావు.

నేను ఆఫీసులో లేనమ్మా. గేటు పక్క గదిలో కూర్చుంటాను. ఉన్న ఒక్క కిటికీ క్యూ వైపు తెరుచుకుంటుంది. పని కోసం వచ్చేవాళ్ళకు కుట్టు పరీక్ష పెట్టడం నా ఉద్యోగం. పొద్దున ఒక్కొక్కరికీ కత్తిరించిన గుడ్డముక్కల కట్ట ఇచ్చి లోపలికి పంపుతాను. సాయంత్రం కుట్టినవి తీసుకుని "కబురు పంపుతాం" అంటాను. పరీక్షకు కూలి ఉండదు. కుట్టినవన్నీ చించి పారేస్తారని నాతో చెప్పారు. నమ్మాను. కాన్వెంటులో పరీక్ష కాగితాలు దిద్దాక చించేసేవాళ్ళు కదా, ఇదీ అంతే అనుకున్నాను.

కిందటి నెల ఒకామెకు కాలరు మధ్యలో తెల్లదారం అయిపోయింది. "పరీక్షే కదా, ఏదైతేనేం" అని మీగడరంగు దారం ఇప్పించింది నేనే. మర్నాడు ప్యాకింగు దగ్గర, ఇస్త్రీ చేసి మడిచిన చొక్కాల్లో ఆ కాలరు కనిపించింది. సగం తెలుపు, సగం మీగడ.

సూపర్‌వైజరును అడిగాను.

"సార్, ఇవి చించేస్తామన్నారు కదా?"

"బంగారంలాంటి గుడ్డ ఎవరైనా చించుకుంటారా? కాన్వెంటులో ఏం చదివించారు తల్లీ నిన్ను!"

"మరి వాళ్ళకి ఉద్యోగాలు?"

"కబురు పంపుతాం అన్నావుగా. ఎప్పుడో చెప్పలేదుగా?" అని నవ్వి, కిటికీ వైపు చూపించాడు. "ఆ క్యూలో నీలాంటి డిగ్రీలు చాలా ఉన్నాయి. నీ కుర్చీ ఒక్క పూట కూడా ఖాళీగా ఉండదు."

నేను వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

సాక్సు ఆవిడ రావడం ఇది మూడోసారి. "ఏమ్మా ఇంగ్లీషు పిల్లా, ఈసారేంటి?" అంది. చొక్కా చేతులన్నాను.

"మొదట కాలర్లు, మొన్న జేబులు, ఇప్పుడు చేతులా? ఇంకోసారొస్తే చొక్కా పూర్తయిపోద్ది. అప్పుడైనా తొడుక్కోనిస్తారా?"

క్యూ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"తెలిసి కూడా ఎందుకొస్తున్నారు?" అని మెల్లగా అడిగాను.

"ఇంట్లో కూచుంటే ఎవరికి గుర్తుంటానమ్మా? ఎవరైనా మానేసిన రోజున కళ్ళెదుట ఉండాలి కదా."

వెళ్ళిపొమ్మని చెబుదామనుకున్నాను. కట్ట చేతికిచ్చాను. సాయంత్రం మళ్ళీ "కబురు పంపుతాం" అనే అన్నాను. "మంచిదమ్మా" అని కత్తెర సాక్సులో పెట్టుకుని వెళ్ళింది.

అందుకని మీరు రావద్దు. మిషను అమ్మెయ్యకు. పిన్నికి కూడా ఇది చదివి వినిపించు. మీరొస్తే కట్ట ఇవ్వాల్సింది నేనే. సాయంత్రం నీ మొహం చూసి ఆ మాట అనాల్సిందీ నేనే.

"అయితే మానేసి వచ్చెయ్" అంటావు. వస్తే తమ్ముడి చదువు ఆగుతుంది. కట్టలివ్వడం మాత్రం ఆగదు, ఇంకొకరు ఇస్తారు. వేరే చోట కూడా అడిగి చూశానమ్మా. ఒక ఆఫీసులో టైపు పరీక్ష పెట్టారు. రోజంతా వాళ్ళ ఉత్తరాలే టైపు చేయించుకుని, కబురు పంపుతామన్నారు.

ఆ ధరకి ఎవరు కుడతారే అని అడిగావు కదా. మీగడరంగు దారమున్న ఆ చొక్కా జేబు మీద దీపం గుర్తు ఉంది. మన కాన్వెంటుదే.

ఇట్లు,
గేటు పక్క గదిలో ఉండే
నీ కూతురు