పాత డబ్బాలో పసుపు బియ్యం

రంభ,
ఆగస్టు 22, 2024.

ప్రియమైన మరదలు పిల్లా,

ఉత్తరం చేపల వాసన వేస్తే నన్ను తిట్టకు, కాసమ్మను తిట్టు. రోజూ పొద్దుటి రైలుకు ఎండు రొయ్యలు పట్టుకుని బరంపురం వచ్చే మనిషి, బుట్టలో వాటి పక్కనే దోపుకుంది. ఫోన్ చేద్దామంటే మాకు ఇల్లూ కొట్టూ ఒక్కటే కదా, గొంతు తగ్గించి మాట్లాడితే ఎవరితోనో మీ అన్నయ్య ఇట్టే కనిపెట్టేస్తారు. నీ పేరు వినబడితే చాలు, లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు. మూడేళ్ళుగా ఇదే వరస.

కాసమ్మ తెచ్చిన అట్టపెట్టెలో మన కంప్యూటర్ ఉంది. పన్నెండేళ్ళ కిందట మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ నేల మీద కూర్చుని బిగించిన ఆ డబ్బానే. ఇప్పుడు దాని పని అయిపోయేలా ఉంది. అప్లికేషన్ పేజీ తెరుచుకునేలోపు జనం బయటికెళ్ళి టీ తాగి వస్తున్నారు. మొన్న గంగన్న కూతురి పెళ్ళికార్డు సగంలో బిగుసుకుపోయింది. పాపం, రెండు గంటలు కూర్చుని లేచిపోయాడు. రంభలో తెలుగు కార్డు వేసేది మనమొక్కరమే. అదీ పోతే ఇక ఈ కొట్టు దేనికి?

కొత్తది కొందామంటే ససేమిరా అన్నారు. "దీన్నే బాగుసేయించు. అవకపోతే కొట్టు మూసెద్దాం" అన్నారు. బరంపురంలో దిలీప్ అని మంచి మెకానిక్ ఉన్నాడని అబద్ధం చెప్పి నీకు పంపుతున్నాను. ప్రాసెసర్ మారుస్తావో ఇంకేం చేస్తావో నీ ఇష్టం. ఇక్కడ ఆయన ముఖం చూడలేకపోతున్నానే.

నీ వదిన,
రామతులసి

*

బరంపురం,
ఆగస్టు 26.

ప్రియమైన వదినకు,

దిలీప్ మెకానిక్ నమస్కారాలు. మీసాలు ఒక్కటే తక్కువ.

పెట్టె విప్పి ముందు దాని మీది దుమ్ము తుడిచాను. స్క్రూ పట్టుకోవడం నాకు అన్నయ్య నేర్పింది ఈ డబ్బా మీదే. మూడేళ్ళ కిందట కొట్టు నిండా జనం ఉండగా "ఈ పాత డబ్బా పారెయ్యన్నయ్యా" అనేశాను. "ఎల్లు, బరంపురం ఎల్లి కొత్తవే బాగుసేసుకో" అన్నాడు. నేనూ తగ్గలేదు, బట్టలు సర్దుకుని వచ్చేశాను. మిషన్నే కదా అన్నాను, అంత కోపమెందుకని అప్పుడనుకున్నాను. సొంత కొట్టు పెట్టి, నా పనిని నలుగురిలో ఒకడు తీసిపారేసిన రోజున తెలిసింది, అన్నయ్యకు ఎక్కడ తగిలిందో.

సరే, పని సంగతి. ఈ మదర్‌బోర్డుకు ఇప్పటి ప్రాసెసర్లు పట్టవు. దాని ఈడుదే, దానికన్నా గట్టిది, ఒక ఐ5 నా దగ్గర దాచి ఉంది. అదీ ఊరికే పెడితే నడవదు, ముందు బోర్డును నిద్రలేపే ప్రోగ్రామును, అదే దానిలోని బయోస్‌ను కొత్తది చేయాలి. ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది. అందుకని యూపీఎస్ కొత్త బ్యాటరీ వచ్చేదాకా చెయ్యను. ర్యామ్ పెంచుతాను, పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డి పెట్టి, అందులో ఉన్న పెళ్ళికార్డులన్నీ జాగ్రత్తగా ఎక్కిస్తాను.

ఇప్పుడు నీతో దెబ్బలాట. పక్క మూత విప్పగానే జలజలా బియ్యం రాలాయి! పసుపు బియ్యం! మూతకున్న చిల్లుల్లోంచి లోపలికి పోయి, ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల్లో ఇరుక్కుని, పసుపు ముద్దకట్టి ఫ్యాన్ తిరగడమే మానేసింది. గాలి లేక ప్రాసెసర్ కాగిపోతుంది, కాగిపోతే తనంతట తానే నెమ్మదిస్తుంది. మీ మిషన్ జబ్బులో సగం ఇదే. అడుగున చారెడు పోగైంది వదినా. కంప్యూటర్‌కి పెళ్ళి గాని చేశావా?

పనంతా నేనే చేస్తాను గానీ నా పేరు మాత్రం చెప్పకు. తెలిస్తే మిషన్ని తీసి బయట పెట్టేస్తాడు. నాకు భయంగా ఉంది. ఆ కొట్టు నిలబడాలి. అన్నయ్య నాతో మాట్లాడాలి. రెండోది జరగకపోతే మొదటిదైనా జరగనీ.

నీ మరదలు,
సౌందర్య

*

రంభ,
సెప్టెంబరు 2.

ప్రియమైన దిలీప్ గారికి,

నన్ను తిట్టడం తర్వాత, ముందు నిజం తెలుసుకో. విశ్వకర్మ పూజ రోజు నేను వంటింట్లో గారెల మూకుడు ముందు ఉంటాను. ప్రసాదానికి పిలిస్తే తప్ప కొట్టులోకి రాను. మిషన్లకు బొట్లు పెట్టడం, అక్షింతలు వేయడం అన్నీ మీ అన్నయ్యే. ఆ బియ్యం సంగతి నాకేం తెలుసు?

నువ్వు వెళ్ళాక ఆయన ఆ మూత ఒక్కసారి కూడా విప్పలేదు. దుమ్ము దులపండీ అంటే "అది సౌందర్య పని" అని నాలిక కరుచుకున్నారొకసారి. ఇప్పుడు పొద్దున లేచి ఖాళీ బల్ల తుడిచి, దాని ముందే కూర్చుంటున్నారు. గంగన్న పాపం ఇంకో చోటికి వెళ్ళలేదు, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. పదిహేడున పూజ. ఆ లోపల బల్ల మీద మిషన్ ఉండేలా చూడు తల్లీ.

నీ వదిన,
రామతులసి

*

బరంపురం,
సెప్టెంబరు 11.

ప్రియమైన వదినకు,

మిషన్ వస్తోంది. కాసమ్మతో దించేటప్పుడు జాగ్రత్తని మరీ మరీ చెప్పాను. రొయ్యల బుట్ట దాని మీద పెట్టిందంటే ఊరుకోను.

బ్యాటరీ వచ్చాక బయోస్ ఎక్కించాను. ఆ కాసేపూ ఫోన్ మోగినా తీయలేదు. తర్వాత కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టి, వేడి లాగే పేస్టు రాసి, ఫ్యాన్ కొత్తది బిగించాను. ఇప్పుడు స్విచ్ వేసి నువ్వు కుర్చీ లాక్కునేలోపు తెర వచ్చేస్తుంది. గంగన్న కూతురి కార్డు తెరిచి చూశాను, ఎక్కడ ఆగిందో అక్కడే భద్రంగా ఉంది.

లోపలి వైర్లన్నీ ఎర్ర దారంతో కట్టాను. ప్లాస్టిక్ కట్లు నా దగ్గర సంచెడు ఉన్నాయి గానీ, ఈ డబ్బాకు చెయ్యి వాటి మీదికి పోలేదు. అన్నయ్య నేర్పిన కట్టే కట్టాను. మూత విప్పకుండా చూడు, విప్పితే దొరికిపోతాను.

బియ్యం కాగితంలో పొట్లం కట్టి పెట్టెలోనే పెట్టాను. పూజ బియ్యం కదా, చెత్తలో వేయబుద్ధి కాలేదు. ఈసారి అక్షింతలు బల్ల మీద వేయమని చెప్పు. దేవుడు అక్కడున్నా చూస్తాడు.

నీ మరదలు,
సౌందర్య

*

రంభ,
సెప్టెంబరు 14.

ప్రియమైన సౌందర్యకు,

దొరికిపోయావు.

పెట్టె దించగానే మీ అన్నయ్య చేసిన మొదటి పని మూత విప్పడం. మూడేళ్ళుగా ముట్టని మనిషి! నేను "కాఫీ చల్లారిపోతోంది" అంటూనే ఉన్నాను. ఎర్ర దారాలు చూశారు. ఒక్కొక్క ముడినీ వేలితో తడిమారు. ఇక అయిపోయింది, మిషన్ వీధిలోకి పోతుందనుకున్నాను. ఆయన లోపలికి ఇంకా వంగి చూసి, "ఇందల బియ్యం ఏవే?" అని అడిగారు.

వాటితో పనేమిటో నాకు అర్థం కాలేదు. పొట్లం తెచ్చి ఇచ్చాను. అరచేతిలో పోసుకుని చూస్తూ కూర్చున్నారు. ఎంత మంచి మిషన్ని బియ్యంతో చెడగొట్టారో తెలుసా అని నేను అందుకోబోయాను. అప్పుడు చెప్పారు.

"పూజయ్యాక మా సెల్లి మిషను పక్కన నిలబడేది. దాని నెత్తిన అక్షింతలెయ్యడం నాకు అలవాటు. అదెల్లిపోనాక ఆ సోట మిషనొకటే ఉండిపోనాది. దాని వాటా బియ్యం సేతిలో ఉంటాది, ఏటి సెయ్యను? అది నిలబడినకాడికే ఏసీసినాను. మూడేళ్ళూ ఏసీసినాను."

సౌందర్యా, నువ్వు నన్ను తిట్టిన ఆ చారెడూ నీవేనే. మీ అన్నయ్య నిన్ను ఏడాదికొకసారి దీవిస్తుంటే ఆ దీవెనలన్నీ పోయి ఫ్యాన్‌లో పడ్డాయి. నేను నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. ఆయన మాత్రం స్విచ్ వేసి, తెర వచ్చిన వేగం చూసి, "మెకానిక్ బాగానే సేసినాడు" అన్నారు. గంగన్న కార్డు నిన్న సాయంత్రమే అచ్చయింది.

ఈ ఉత్తరం ఎవరికని అడిగారు. చెప్పాను. పెరట్లోకి వెళ్ళలేదు. కాగితం లాక్కున్నారు.

నీ వదిన,
రామతులసి

సౌందర్యా,

ప్రాసెసరు బాగుంది. ఫ్యాను కట్టు కొంచెం వదులు, నువ్వే వచ్చి బిగించు. పదిహేడున పూజ. పొట్లం నా దగ్గరే ఉంది. ఈసారి చిల్లుల్లోకి వెయ్యను, నీ నెత్తినే వేస్తాను, రా.

అన్నయ్య,
గణపతిరావు