దబ్బనం మొన

ఒంగోలు
16 ఫిబ్రవరి 2025

రెబ్కాకి,

నువ్వూ, మీ అమ్మ వీరమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నా ఎడమ అరచేతికి మూడు కుట్లు పడ్డాయి, అంతే.

బొటనవేలి కింద నాకో కంతి ఉండేది. మా నాయనమ్మ ఆనెకాయ అనుకుని నల్లజీడి రసం పెట్టేది. పోయిన వారం గుంటూరులో తీయించాను. క్యాన్సర్ కాదట. పాత గాయంలో ఏదైనా ఉండిపోతే, చర్మం దాని చుట్టూ గూడు కట్టుకుంటుందట. కోస్తే లోపల బియ్యపుగింజంత ఇనుపముక్క. సూదులతో ఏమైనా పని చేసేవారా మేడం, అని డాక్టరమ్మ అడిగింది. పాఠాలు చెప్పుకునేదాన్నండీ అన్నాను.

పోయిన నెల సత్తెనపల్లి బస్టాండులో నువ్వు నవ్వుతూనే చెప్పావు. మీ అమ్మకి మనుషుల పేర్లు కూడా జారిపోతున్నాయి గానీ, "ఆ దబ్బనం నేను ఇరగ్గొట్టలా" అనే మాట మాత్రం పోవడం లేదని.

ప్రత్తిపాడు దగ్గర మా మిరప కల్లంలో జరిగింది నీకూ గుర్తే. టిక్కీల గోనెమూతులు కుట్టే దబ్బనం మొన లేకుండా దొరికింది. కాయల్లో ఇనుము మిర్చి యార్డుకి పోతే సరుకుకి చెడ్డపేరని నాయనమ్మ కుట్టిన నలభై టిక్కీలూ విప్పించింది. కళ్లెక్కడ పెట్టుకుని కుడుతున్నావే వీరమ్మా, అని అరిచింది. ఇనుపముక్కని నేనేమన్నా తిన్నానా అమ్మా, అంది మీ అమ్మ. ఆ ఎదురుమాటకే మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ ఆమెని కల్లానికి పిలవలేదు.

ఆ మొన నా చేతిలోదే అయి ఉండాలి. అప్పుడేదో గుచ్చుకుంటే కంపముల్లు అనుకున్నాను. పదకొండేళ్లదాన్ని. ఇన్నేళ్లయ్యాక నా జ్ఞాపకాన్ని నేనే పూర్తిగా నమ్మలేను. మొన దొరికిందని మీ అమ్మకి చెప్పు. చిన్న సీసాలో వేసి ఇచ్చారు, పంపిస్తాను.

ఇట్లు,
జ్యోతిర్మయి

తా.క. కంపముల్లు అని రాశాను. కాదు. మీ అమ్మ మంచినీళ్లకి లేచినప్పుడు, నేనూ కుట్టి చూద్దామని దబ్బనం తీశాను. అది జారి, గోనె అంచు పట్టుకున్న చేతిలో దిగి విరిగింది. అందరితోపాటు నేనూ ఆ చేతినే కాయల్లో పెట్టి వెతికాను. మంటకి ఏడ్చాను. ఘాటుకి అందరి కళ్లూ కారుతున్నాయి, ఎవరూ అడగలేదు. మీ అమ్మ ఒక్కతే నన్ను పక్కకి లాగి, "నువ్వు పోమ్మా, చేతులు మండుతయ్యి" అంది. ఎక్స్‌రే తీయించమని ఎందరన్నా నేను ముప్పైమూడేళ్లు దాటవేసింది అందుకే. పైదంతా వద్దు రెబ్కా. ఇదొక్కటి మీ అమ్మకి చదివి వినిపించు, ఆవిడకి నా పేరు గుర్తుండగానే.